దింపు డబ్బుతో గేమింగ్ ల్యాప్‌టాప్: ఎంత దాకా వెళ్లొచ్చు?

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రెండెకరాల కొబ్బరి తోట ఉంది. రెండు నెలలకోసారి దింపు (కొబ్బరికాయల కోత) తీయిస్తే ఖర్చులు పోను 15 నుంచి 22 వేలు చేతికొస్తాయి. మావారు ఎరువుల కొట్లో గుమాస్తా, జీతం 14 వేలు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, నెలకి ఐదారు వేలు వస్తాయి. అబ్బాయి భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. హాస్టలుకి ఏడాదికి 80 వేలు కడుతున్నాం. కరోనా అప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసం 18 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాం, అది ఇంట్లో ఉంది. ఇప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. ఏఐ ప్రాజెక్టులకు గ్రాఫిక్స్ కార్డు ఉండాలట. ధర 1,18,000. షాపువాళ్లు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. ధరలు పెరుగుతున్నాయి, త్వరగా తీసుకోండి అని తొందరపెడుతున్నారు. మా మరిది తన క్రెడిట్ కార్డు మీద తీసిస్తానన్నాడు. బ్యాంకులో 1,40,000 ఎఫ్‌డీ ఉంది, అది తీయడం నాకిష్టం లేదు. చీటీ డబ్బు 38 వేలు వచ్చే నెల వస్తుంది. గేమింగ్ అంటేనే నాకు టెన్షన్. మా పక్క వీధి కుర్రాడు ఫోన్లో రమ్మీ ఆడి మూడు లక్షలు పోగొట్టాడు. ఏం చేయమంటారు?

జవాబు: కొనండమ్మా. కానీ లక్షా పద్దెనిమిది వేలది కాదు, 80 వేల లోపుది. మరిది గారి కార్డు మీద వద్దు. ఎఫ్‌డీని తీయొద్దు, అయితే దాన్ని వాడుకునే దారి ఒకటుంది. అది తర్వాత చెబుతాను.

ముందు మీ టెన్షన్ సంగతి. పక్క వీధి కుర్రాడు ఆడింది జూదం, మీ వాడు అడుగుతున్నది వీడియో గేములు. ఆన్‌లైన్ రమ్మీ మీద మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే నిషేధం ఉంది. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఆ పాడు ఆటలకు గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకు, ఆరు వేల ఫోను చాలు. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర ఎవరెంత పోగొట్టుకుంటారో చూసినవాళ్లం, దానికీ దీనికీ తేడా మనకి తెలియనిది కాదు. వీడియో గేముల్లో డబ్బు జారేది వేరే చోట: తుపాకీకి కొత్త రంగు, బొమ్మకి కొత్త చొక్కా అంటూ వందా రెండొందలు అడుగుతూ ఉంటాయి. మీ ఖాతా కార్డు వివరాలు అందులో సేవ్ చేయనివ్వకండి. కొనుక్కుంటే వాడి పాకెట్ మనీలోంచే కొనుక్కోవాలి.

ఇది చదువుకా, ఆటలకా అంటారా? రెండిటికీ. ఎంత దేనికో మాత్రం విడదీసి చూడాలి. సీఎస్‌ఈ కుర్రాడు కోడ్ రాసుకోవడానికి, ప్రాజెక్టులు చేసుకోవడానికి 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ 50 వేల దగ్గర దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఏఐ మోడళ్లు సొంత మెషీన్ మీద నడుపుకోవచ్చు, అది నిజమే. కానీ బీటెక్ స్థాయి ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లోనే కోడ్ నడుపుకునే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా ఇచ్చే గ్రాఫిక్స్ చిప్‌తో చాలావరకు పని జరిగిపోతుంది. కాబట్టి 50 వేలు చదువు ఖర్చు, ఆ పైన పెట్టేది ఎక్కువగా ఆట ఖర్చు. ఇరవై ఏళ్ల కుర్రాడి సరదాకి పాతిక ముప్పై వేలు పెట్టడం నా దృష్టిలో తప్పేమీ కాదు. ఆటకే పెడుతున్నామని ఇంట్లో అందరూ ఒప్పుకుని పెట్టండి. 68 వేలు పెట్టి దాన్ని చదువు పద్దులో రాసుకోవడం మాత్రం నాకు నచ్చదు.

ఉన్న డెస్క్‌టాప్‌నే బాగు చేయించొచ్చు కదా అని మీవారు అని ఉంటారు. కంప్యూటర్ ఎదురుగా కూర్చునే మనిషి ఇంట్లోనే ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని, ఎందుకంటే పెట్టిన డబ్బుకి ఆట విషయంలో డెస్క్‌టాప్ ఇచ్చినంత ల్యాప్‌టాప్ ఇవ్వదు. కానీ మీ వాడు ఏడాదిలో పది నెలలు హాస్టల్లో ఉంటాడు. ఆ రోజుల్లో 18 వేలకు వచ్చిన సెకండ్ హ్యాండ్ మెషీన్ అంటే అందులో ఉన్నది బహుశా నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అర్హత. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే పవర్ సప్లై మార్చాలి, తర్వాత ప్రాసెసర్, దాని కోసం బోర్డు. ఇలా అంచెలంచెలుగా 40 వేలు దాటిపోతుంది, తీరా అది అంబాజీపేటలోనే ఉంటుంది.

ఇక అసలు చిక్కు. మీ ఇంటికి నెలనెలా ఖాయంగా వచ్చేది జీతం, కుట్టుపని కలిపి 19, 20 వేలు. 1,18,000ని పన్నెండు నెలలకు పంచితే నెలకి 9,833. అంటే ఖాయంగా వచ్చేదానిలో సగం. దింపు డబ్బు ఉంది కదా అంటారు. అది ఏడాదికి లక్షా పది వేల దాకా వస్తే, అందులో 80 వేలు హాస్టలుకే పోతోంది. పైగా దింపు తేదీ మన చేతిలో ఉండదు. దింపు మనిషి దొరక్కపోయినా, బేరగాడు ధర తగ్గిందని వారం ఆగమన్నా వాయిదా తేదీ ఆగదు. మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు ఎన్ని ఇళ్లలో లెక్కలు తారుమారయ్యాయో మీకే తెలుసు. 1996 నవంబరు 6 గాలివాన చూసిన పెద్దవాళ్లని అడగండి, పడిపోయిన కొబ్బరి చెట్టు స్థానంలో మొక్క వేస్తే కాపుకి ఎన్నేళ్లు పట్టిందో చెబుతారు. కోనసీమ ఇంటికి నెలవారీ వాయిదా పెట్టడమంటే నాకు అందుకే భయం.

నో కాస్ట్ అనే మాటని కూడా కొంచెం విప్పి చూద్దాం. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే బ్యాంకు వడ్డీ మానుకోదు. 15 శాతం వడ్డీ అనుకుంటే ఈ మొత్తానికి ఏడాదిలో దాదాపు 9,000 వడ్డీ పడుతుంది. అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించినట్టు చూపిస్తారు, అందుకని మీకు సున్నాగా కనబడుతుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,600 పైచిలుకు, కార్డు ఉన్నవాళ్లే కట్టుకోవాలి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "ఈఎంఐ వద్దు, మొత్తం ఒకేసారి కట్టేస్తాను, ఎంతకిస్తారు?" ధర ఎంత తగ్గిందో అదే మీ నో కాస్ట్‌కి అయ్యే కాస్ట్. కార్డు లేకుండా ఫైనాన్స్ కంపెనీ లోన్ అంటే 2024 అక్టోబరు 1 నుంచి ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ) అని ఉన్న శాతం చూశాకే సంతకం పెట్టాలి.

మరిది గారి కార్డు గురించి ఎక్కువ చెప్పను. ఒక్క నెల మీ దింపు ఆలస్యమైతే దెబ్బ తినేది ఆయన సిబిల్ స్కోరు. ఆయన మొహమాటానికి అడగరు, మీరు ఆ నెల ఆ ఇంటికి వెళ్లలేరు.

ఇప్పుడు ఎఫ్‌డీ. దాన్ని తీయడం మీకిష్టం లేదన్నారు, మీ మనసు సరిగ్గానే చెప్పింది. హాస్టలు ఖర్చు పోను మీ ఇంటికి మిగిలేది సగటున నెలకి 21, 22 వేలు. అదంతా ఇంటికే ఖర్చవుతుందనుకున్నా ఆరు నెలలకు దాదాపు 1,30,000. అంటే ఆ ఎఫ్‌డీ మీ తుఫాను నిధి. దాన్ని అలాగే ఉంచి, దాని మీద లోన్ తీసుకోండి. ఎఫ్‌డీ విలువలో 90 శాతం దాకా బ్యాంకులు మామూలుగా ఇస్తాయి. వడ్డీ ఎఫ్‌డీ మీద మీకొచ్చే దానికంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. ముఖ్యంగా ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో అడగండి. అందులో నెలనెలా కట్టాల్సిన వాయిదా ఉండదు, చేతికి డబ్బు వచ్చినప్పుడు కట్టుకోవచ్చు, వాడుకున్న సొమ్ము మీదే వడ్డీ.

మీ లెక్కకి వస్తే, ల్యాప్‌టాప్ 78 వేలు, చీటీ డబ్బు 38 వేలు, ఎఫ్‌డీ మీద లోన్ 40 వేలు. ఒక్కో దింపుకి, ఆ రెండు నెలల కుట్టు డబ్బులో మిగిలినది కూడా కలిపి, 8,000 కడితే ఐదు దింపుల్లో తీరిపోతుంది. 8 శాతం వడ్డీ అనుకుంటే పది నెలలకు మొత్తం 1,600 దాకా అవుతుంది. ఒక దింపు తప్పిపోతే, అప్పటికి ఎంత బాకీ ఉందన్నదాన్ని బట్టి ఇంకో వంద నుంచి ఐదొందల పైచిలుకు దాకా పెరుగుతుంది, అంతే. ఈలోపు ఇంటికి ఏదైనా కష్టం వస్తే 90 శాతం హద్దులో ఇంకా 86 వేలు మీకు అందుబాటులోనే ఉంటాయి. ఈ మాట మీవారికి ఒకటికి రెండుసార్లు చెప్పండి, ఎఫ్‌డీ ముట్టుకున్నామన్న బెంగ తగ్గుతుంది.

బంగారం మీద పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టొచ్చు, కానీ ఎఫ్‌డీ ఉండగా అక్కర్లేదు. పంట లోన్ మాత్రం దీనికి వాడొద్దు. కిసాన్ క్రెడిట్ కార్డులో 3 లక్షల దాకా 7 శాతం, గడువులో కడితే 4 శాతానికే వస్తున్న డబ్బు అది, తోట ఎరువులకే ఉండనివ్వండి.

78 వేలకు ఏం వస్తుంది? ఈ భాగం మీ వాడికి చదివి వినిపించండి. ఇప్పుడు దుకాణాల్లో సుమారుగా 80 వేల దగ్గర ఆర్‌టీఎక్స్ 4050 అనే గ్రాఫిక్స్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఆఫర్లలో దొరుకుతున్నాయి. వాడు అడుగుతున్న లక్ష పైచిలుకు ధరలో 5060 లాంటివి వస్తాయి. కాలేజీ కుర్రాళ్లు ఎక్కువగా ఆడే వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి వాటికి 4050 బాగా సరిపోతుంది. మరీ కొత్త పెద్ద గేముల్లో సెట్టింగులు కొంచెం తగ్గించుకోవాలి. ఆ తగ్గింపు ఖరీదు 40 వేలు కాదు.

చిప్ పేరు ఒక్కటే చూసి కొనొద్దు. అదే 4050కి తయారీ కంపెనీని బట్టి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కరెంటు ఇస్తారు. లో వోల్టేజీలో ఐదు హెచ్‌పీ మోటారు నీళ్లు ఎలా పోస్తుందో తోట ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, తక్కువ వాట్ల చిప్ అలాగే ఆడుతుంది. 90 వాట్ల పైన ఉన్నది అడగమనండి. ర్యామ్ 16 జీబీ ఉన్నదే తీసుకోండి, 8 జీబీది కొని తర్వాత పెంచుదామంటే ఇప్పుడు కుదరదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఆ విషయంలో షాపువాడు అబద్ధం చెప్పలేదు. అంత మాత్రాన ఈ వారమే పరిగెత్తాల్సిన పని లేదు. చీటీ డబ్బు వచ్చేదాకా ఆగండి, సంక్రాంతికి, రిపబ్లిక్ డేకి ఎలాగూ ఆఫర్లు పెడతారు.

వాడికి ముందే తెలియాల్సినవి రెండున్నాయి. ఛార్జర్ పెట్టకుండా ఆడితే దీని వేగం బాగా పడిపోతుంది, బ్యాటరీ కూడా గంటా గంటన్నరకే ఖాళీ అవుతుంది. ఛార్జర్‌తో కలిపి మూడు కిలోల బరువు, రోజూ క్లాసుకి మోసుకెళ్లే వస్తువు కాదు. ఇవి విన్నాక కూడా కావాలంటే కొనండి. వినగానే మొహం మారితే 50 వేల మామూలు ల్యాప్‌టాప్ దగ్గరే ఆగిపోండి, మీకు లోన్ పన్నెండు వేలకు దిగిపోతుంది.

షాపులో వారంటీ కార్డు, యాంటీవైరస్, స్క్రీన్ గార్డు అంటూ ఐదారు వేలు కలుపుతారు. అందులో ఒక్కదానికే నా ఓటు: ల్యాప్‌టాప్ కంపెనీ స్వయంగా అమ్మే, కింద పడినా నీళ్లు పడినా కవర్ చేసే ప్లాన్. హాస్టలు గదిలో మంచం మీద పెట్టి టీ తాగే కుర్రాళ్లకి అది దండగ కాదు. మెకానిక్ గదికే వస్తాడా, మనమే రాజమండ్రి మోసుకెళ్లాలా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. కొన్న మొదటి వారంలోనే గంటసేపు పెద్ద గేము ఒకటి ఆడించి చూడమనండి, లోపం ఉంటే వస్తువు మార్చి ఇచ్చే గడువు ఆ కొద్ది రోజులే.

పాత డెస్క్‌టాప్ మొత్తాన్ని అమ్మేయొద్దు. మానిటరు, కీబోర్డు, మౌసు ఉంచుకోండి. మీ వాడు సెలవులకి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో ఆ మానిటరుకి కలిపితే ఇంట్లో మళ్లీ డెస్క్‌టాప్ ఉన్నట్టే. సీపీయూ డబ్బాని మాత్రం అమ్మి, వచ్చిన మూడు నాలుగు వేలు ఎఫ్‌డీ లోన్‌లో జమ చేయండి. అమ్మే ముందు హార్డ్ డిస్కు తీయించి దాచండి. మీ ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాల స్కాన్లు అందులోనే ఉంటాయి.