తొట్టెల, ఉయ్యాల, పొత్తిళ్లు: పురిటింటి మాటలు

సందేహం: "మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు కొనవలసిన వస్తువుల జాబితాను అల్లుడుగారు ఫోనులో పంపారు. అందులో మొదటిది 'క్రిబ్'. అంటే ఏమిటని అడిగితే తొట్టెల అన్నారు. ఆయనది వరంగల్లు. మా కోనసీమలో తొట్టి అంటే పశువులకు కుడితి పోసేది. బిడ్డను వేసేది ఉయ్యాల. ఏది సరైన మాట? జాబితాలో ఉన్న 'స్వాడిల్'ను పొత్తిళ్లు అనవచ్చా? 'బేబీ క్యారియర్'కు తెలుగు మాట ఉందా? వీటిలో నిజంగా ఏవి అవసరమో కూడా మీకు తోచింది చెప్పండి."
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

సమాధానం: అమ్మా, మీ అల్లుడుగారి మాట తప్పు కాదు, మీ మాటా తప్పు కాదు. తెలంగాణలో తొట్టెల ఇంటింటి మాట. తమిళ, మలయాళాల్లో తొట్టిల్, కన్నడంలో తొట్టిలు ఉన్నాయి. ఇన్ని భాషల్లో పసిపిల్లల పడకగా నిలిచిన మాటను మన గోదావరి జిల్లాల వాళ్లం కుడితికీ నీళ్లకూ వదిలేశాం. అంతమాత్రాన ఆయన నోట అది వింతగా వినిపించిందని నొచ్చుకోనక్కరలేదు.

కాని రెండూ పర్యాయపదాలే కదా అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. తొట్టి అన్నప్పుడు మనసుకు తోచేది ఆకారం: నాలుగు వైపులా అంచులు, నడుమ చోటు. ఉయ్యాల అన్నప్పుడు తోచేది కదలిక. ఊఁగు అకర్మక క్రియ, ఊఁచు దానికి సకర్మక రూపం. తూఁగు, తూఁచు వంటి జంట. తమిళంలో ఊసల్, ఊంజల్, మలయాళంలో ఊఞ్ఞాల్, కన్నడంలో ఉయ్యాలె చూడండి. ఊంజల్‌లో నిండుగా పలికే అనునాసికమే మన ఊఁగులో అరసున్నగా మిగిలిందనీ, ఊసల్‌లోని సకారమే మన వైపు యకారంగా మెత్తబడిందనీ నా మనసు మొగ్గుతుంది. ఊయల, ఊయెల, ఉయ్యెల, ఉయ్యాల అన్నీ ఒక తల్లి పిల్లలే. ఊయల మాత్రమే గ్రాంథికమనీ, ఉయ్యాల పల్లెటూరి మాటనీ ఈమధ్య కొందరు పిల్లలకు చెబుతున్నారు. అది వట్టి అపోహ. తాళ్లపాక అన్నమాచార్యులు ఉయ్యాల అనే అన్నాడు.

ఆ పేరు ఎత్తాక ఆయనను దాటి వెళ్లలేను. "అలర చంచలమైన ఆత్మలందుండ" అని మొదలయ్యే సంకీర్తన మీరు వినే ఉంటారు. భక్తులు అందులో తత్త్వం చూస్తారు, గాయకులు రాగం చూస్తారు. నాకు అందులో వడ్రంగి కనబడతాడు. స్వామికి ఉయ్యాల కట్టాలి. కంభాలు ఏవి? "ఉదయాస్తశైలంబు లొనర కంభములైన": తూర్పు కొండ ఒకటి, పడమటి కొండ ఒకటి. వాటి మీద అడ్డంగా వేసే దూలం? "ఆకాశపదము అడ్డదూలంబైన". వేలాడదీసే తాళ్లు? "వేదములు బంగారు చేరులై". కూర్చునే పలక? "ధర్మదేవత పీఠమై". పైన పందిరిగా మేలుకట్టు? అది మేఘమండలం. 15వ శతాబ్దపు మనిషి విశ్వాన్నంతటినీ ఉయ్యాలగా ఊహించాడు. ఊహిస్తూ ఒక్క కొయ్యను గాని, ఒక్క తాడును గాని మరచిపోలేదు. ఉయ్యాలకు ఎన్ని అంగాలు కావాలో అన్నీ అందులో ఉన్నాయి, ప్రతి అంగానికీ తెలుగు పేరు ఉంది. కంభం, దూలం, చేరు, పీఠం, మేలుకట్టు. ఇప్పుడు అంగడిలో ఉయ్యాల కొనేవాళ్లను ఈ ఐదింటిలో మూడు చెప్పమనండి! పెట్టె మీద అచ్చేసిన ఇంగ్లీషు అక్షరాలను తెలుగు లిపిలోకి దించుకోవడమే భాషాజ్ఞానమైపోయింది. వస్తువు అంగాల పేర్లు తెలియనివాడు దాని మంచిచెడ్డలు ఎట్లా పరీక్షిస్తాడు?

మీరు ఆ ఐదు పేర్లూ పట్టుకుని అంగడికి వెళ్లండి. కంభాలు కదిపితే కదలకూడదు. ఇంట్లో దూలానికి వేలాడదీస్తే దూలం బలం చూడాలి. కోనసీమ మండువా లోగిళ్లలో ఉయ్యాల బల్లలు మోసిన టేకు దూలాలు వేరు, ఇప్పటి శ్లాబులో దిగేసిన కొక్కెం వేరు; ఆ కొక్కేన్ని పెద్దవాళ్లు పట్టుకుని వేలాడి చూశాకే బిడ్డ బరువు దాని మీద పెట్టాలి. చేరు అన్న మాట ఉట్టి చేరుల్లో మిగిలింది గాని ఉయ్యాలకు ఇప్పుడు గొలుసులే. ఏవైనా బిడ్డ చేతికీ మెడకూ అందకూడదు.

పీఠం దగ్గరికి వస్తే చెప్పవలసింది ఎక్కువ ఉంది. పీఠం అంటేనే చదునుగా, గట్టిగా ఉండేది. పసిబిడ్డ పడక కూడా అట్లాగే చదునుగా, బిగువుగా ఉండాలనీ, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలనీ వైద్యులు గట్టిగా చెబుతున్నారు. మెత్తటి పరుపు, దిండు, బొంత, బొమ్మలు ఆ పడకలో ఉండకూడదు. ముఖానికి అడ్డుపడి ఊపిరి ఆడకుండా చేస్తాయి. తల గుండ్రంగా వస్తుందని మన వైపు పెట్టే ఆవాల దిండు కూడా వద్దనే అంటున్నారు. 10 డిగ్రీలకు మించి వాలు ఉండే శిశు పడకలనూ, పడక చుట్టూ లోపల కట్టే మెత్తలనూ అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారు. మన అంగళ్లలో అవి ఇంకా ముచ్చటగా అమరి ఉంటాయి. వాటి జోలికి పోకండి.

చీర ఉయ్యాల అంటే నాకు ప్రాణం. ఊడ్పుల వేళ గట్టు మీద చెట్టుకొమ్మకు చీర కట్టి బిడ్డను వేసి, చేలో వంగిన తల్లులు ఈ డెల్టాలో తరతరాలుగా ఉన్నారు. అయినా చెప్పక తప్పదు: చీరలో పీఠం లేదు. బిడ్డ వెన్ను వంగుతుంది, గడ్డం గుండెకు ఆనుతుంది, గుడ్డ ముఖం మీదికి వస్తుంది. తొలి నెలల బిడ్డ తన తల తాను ఎత్తుకోలేదు. ఎవరైనా పక్కన కూర్చుని ఊపుతున్నంత సేపు సరే, రాత్రి నిద్రకు మాత్రం వద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఆ జాబితాలోని వస్తువు ఊగనిది, నాలుగు కాళ్ల మీద నిలిచి చుట్టూ కమ్ములు ఉండేది అయితే దానిని తొట్టెల అనడమే నాకు సబబుగా తోస్తుంది. ఊగేది ఉయ్యాల, ఊగనిది తొట్టెల. తెలంగాణలో తొట్టెలా ఊగుతుంది కదా అని మీ అల్లుడుగారు అడ్డు చెప్పవచ్చు, ఆ అభ్యంతరంలో న్యాయమూ ఉంది. కాని రెండు వస్తువులు ఇంటికి వచ్చినప్పుడు రెండు మాటలు ఉండటం మంచిదే. రాత్రి నిద్రకు తల్లి మంచం పక్కనే, అదే గదిలో తొట్టెల. పగలు అమ్మమ్మ కళ్ల ముందు ఉయ్యాల. రెండూ కొనే స్తోమత లేకపోతే తొట్టెలకే ఓటు వేస్తాను. బారసాలనాడు ఉయ్యాలలో వేసే వేడుకకు ఇరుగుపొరుగున ఎవరిదైనా ఎరువు తెచ్చుకోవచ్చు. (బారసాల అన్నది బాలసారె వర్ణవ్యత్యయం చెందగా, అంటే అక్షరాలు తారుమారు కాగా వచ్చిన రూపం.)

మేలుకట్టును కూడా వదలకండి. కాలవలు, వరిచేలు, చేపల చెరువుల నడుమ బతికే మనకు మేలుకట్టు అంటే దోమతెర. జాబితాలో అది లేదంటే రాసినవారు గోదావరి గట్టున ఒక్క రాత్రీ పడుకోలేదన్నమాట. బిగుతుగా, వేలాడకుండా కట్టండి. గొడుగులా విప్పి మూసేవి చవకగా దొరుకుతాయి.

ఊపడం గురించి కూడా అన్నమయ్యే చెప్పాడు. మొదట "వడినూచు" అన్నాడు, అంటే భామినులు వేగంగా ఊపారు. ఆపైన బ్రహ్మాండాలు ఒరిగిపోతాయేమోనని భయం కలిగి "ఒయ్యనొయ్యన" ఊచారట. ఒయ్యన అంటే మెల్లగా. ఎంత చక్కని మాటను పోగొట్టుకున్నామో చూడండి. మీ మనవడో మనవరాలో పడుకున్న ఉయ్యాలను ఒయ్యనొయ్యన ఊచమని ఇంట్లో అందరికీ చెప్పండి.

పొత్తిళ్లు: పొత్తి అంటే మెత్తని గుడ్డ, పసికందును చుట్టే గుడ్డలు పొత్తిళ్లు. 'స్వాడిల్'కు ఇంతకన్న సరిపోయే మాట లేదు. మొక్కజొన్న పొత్తు కూడా గుర్తుకు వస్తుంది, ఆకుల్లో చుట్టుకుని ఉంటుంది కదా. చుట్టరికం ఉందని పట్టుబట్టను. పత్రికలవారు "తల్లి పొత్తిళ్లలో ఒదిగిన బిడ్డ" అని రాస్తూ దానిని ఒడికి పర్యాయం చేసేశారు. ఒడి ఒడే, పొత్తిళ్లు పొత్తిళ్లే. అయితే ఆ వాడుక ఎంత పాతుకుపోయిందంటే ఇక తప్పు అని కొట్టివేయలేను. కొనడం మాటకొస్తే, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె చింపితే చాలు. మన ఉక్కపోతలో ఒక పొర చుడితే సరిపోతుంది. తుంటి దగ్గర వదులుగా, కాళ్లు ఆడేటట్లు చుట్టాలి. బిడ్డ బోర్లాపడే యత్నం మొదలుపెట్టగానే చుట్టడం మానాలి.

పాలిచ్చే సరంజామా గురించి మీరు అడగలేదు, జాబితాలో తప్పక ఉండే ఉంటుంది. కన్ను, కంటి లాగే చన్ను, చంటి. చంటిబిడ్డ అన్న పేరులోనే ఆ బిడ్డ ఆహారం ఏమిటో ఉంది. 'స్తన్యపాన దిండు' అని ఎవరో అనువదించగా చూశాను. చన్నివ్వడం, పాలివ్వడం అనే మాటలు పలకడానికి సిగ్గుపడి సంస్కృతం చాటుకు వెళ్లడం ఎందుకు? ఇంట్లో ఉన్న మామూలు దిండును తల్లి మోచేతి కింద పెడితే పని జరుగుతుంది. పాలసీసాల ప్రకటనలనే మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. పిండిన పాలు పట్టవలసి వస్తే మూతి ఉన్న ఉగ్గుగిన్నె ఉంది, దానిని ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. గిన్నె తీసుకోండి, ఉగ్గు మాత్రం వద్దు. ఆముదం, తేనె, నీళ్లు ఏవీ కలపకుండా 6 నెలలు తల్లిపాలే అని వైద్యుల మాట.

చివరిది 'బేబీ క్యారియర్'. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు, చంకన ఎత్తుకునే జాతి ఈ వస్తువుకు పేరు కోసం వెతుకుతోంది. తొడలు విడివడి, మోకాళ్లు పిరుదుల కన్న కాస్త పైకి ఉండే ఆ కూర్చోబెట్టే తీరే తుంటి కీళ్లకు మంచిదని ఎముకల వైద్యులు అంటారు. మెడ నిలిచేదాకా చంక వద్దు, రొమ్ముకు హత్తుకునే ఎత్తుకోవాలి. గుడ్డతో కట్టుకున్నా కొన్నదానిలో వేసుకున్నా బిడ్డ ముఖం మీకు కనబడాలి, గడ్డం గుండెకు ఆనకూడదు, వంగి ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. పిరుదుల కింద సన్నని పట్టీ మాత్రమే ఉండి కాళ్లు వేలాడేవి కొనకండి. పేరంటారా, జోలె నాకు నచ్చుతుంది. భుజాన వేలాడే గుడ్డసంచి అన్న అర్థం అందులో ఉంది. జోలె అనగానే బిచ్చం గుర్తుకు వస్తుందని మీవాళ్లు అభ్యంతరపెడితే బలవంతం చేయను. జోలకూ జోలెకూ బంధుత్వం అంటగట్టి ఒప్పించే ప్రయత్నమూ చేయను. నచ్చకపోతే క్యారియర్ అనే అనండి, బస్సు, ఫోను లాగే అదీ కలిసిపోతుంది. ఒక దుకాణం బోర్డు మీద చూసిన 'శిశువాహకం' మాత్రం దయచేసి వాడకండి.