డబ్బా మీద 525 రెట్లు, కంటికి మసక

సందేహం: మాది నెల్లూరు జిల్లా కావలి. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి పోరు పడలేక 2025 నవంబరు మొదట్లో ఆన్‌లైన్‌లో రూ.5,200 పెట్టి టెలిస్కోప్ తెప్పించాను. అద్దం 76 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 మి.మీ. అని లోపలి కాగితంలో ఉంది. డబ్బా మీద మాత్రం '525 ఎక్స్ హై పవర్' అని పెద్ద అక్షరాలు. వానల వల్ల మూడు వారాలు దాన్ని బయటపెట్టలేదు. తర్వాత చూస్తే 20 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) చంద్రుడు చక్కగా కనిపించాడు. 4 మి.మీ. ఐపీస్‌కు బార్లో లెన్స్ (రెట్లు పెంచే అదనపు కటకం) తగిలిస్తే అంతా చీకటి, మసక. శని వలయాలు అసలే కనిపించలేదు. అడిగితే 'రిటర్న్ గడువు 10 రోజులు, దాటిపోయింది' అన్నారు. ఐపీస్ మారిస్తే బాగవుతుందేమోనని నెల్లూరులో ఒక షాపుకు వెళ్తే, 'ఏ టెలిస్కోప్‌కైనా పడుతుంది' అని రూ.1,900కి ఇంకో 4 మి.మీ. ఐపీస్ అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే గొట్టంలో దూరడమే లేదు. చేతిరాత చీటీ ఇచ్చారు, దాని మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న ముద్ర. ఇద్దరి మీదా కేసు వేయవచ్చా? మంచి ఐపీస్ నేనే కొనుక్కుని ఆ ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టవచ్చా?

సమాధానం: వేయవచ్చు. కాకపోతే ఫిర్యాదులో ఏం రాస్తారన్న దాని మీదే అంతా ఉంది. 'శని వలయాలు కనిపించలేదు' అని రాశారా, మొదటి వాయిదాకే ఎదుటి లాయరు మిమ్మల్ని బోల్తా కొట్టిస్తాడు. ఎందుకంటే 2025లో ఆ వలయాలు ఎవరికీ సరిగా కనిపించలేదు. ఆ ఏడాది మార్చిలో మన భూమి వలయాల తలాన్ని దాటింది. సుమారు 15 ఏళ్లకోసారి వచ్చే ముచ్చట అది. నవంబరు నెలాఖరుకు అవి మళ్లీ దాదాపు అంచు మీదికి తిరిగి, సన్నటి గీతలా మిగిలాయి. మీరు డబ్బా విప్పింది సరిగ్గా అప్పుడే. అందులో టెలిస్కోప్ తప్పు లేదు, అమ్మినవాడి తప్పు అంతకన్నా లేదు.

మీ కేసు ఆకాశంలో లేదండీ, డబ్బా మీద ఉంది. ఆ 525 అన్న అంకె చూడండి. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 700ను 4తో భాగిస్తే 175. మూడు రెట్ల బార్లో తగిలిస్తే 525. లెక్క కరెక్టే! 'మేం అబద్ధం ఎక్కడ చెప్పాం?' అని వాళ్లు అడిగేది కూడా ఇదే.

వాళ్లు చెప్పకుండా మింగేసిన ముక్క ఒకటుంది. టెలిస్కోప్ ఎన్ని రెట్ల వరకు పనికొచ్చే బొమ్మ చూపిస్తుందో నిర్ణయించేది ఐపీస్ కాదు, అద్దం వెడల్పు. మిల్లీమీటరుకు రెండు రెట్లు అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. మీ 76 మి.మీ. అద్దానికి 152 రెట్లు పై హద్దు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. 525 దగ్గర కంట్లోకి వచ్చే కాంతిపుంజం మందం 0.15 మి.మీ. కూడా ఉండదు. 20 మి.మీ. ఐపీస్‌తో మీరు చూసిన చంద్రుడు 35 రెట్ల చంద్రుడు. 525 అంటే దానికి 15 రెట్లు, వెలుగు మాత్రం 225వ వంతుకు పడిపోతుంది. చీకటిగా ఉందన్నారే, అది ఇదే. నీళ్ల మజ్జిగలో ఇంకో చెంబు నీళ్లు పోసినట్టు, రెట్లు పెరిగే కొద్దీ బొమ్మలో కొత్త వివరమేమీ చేరదు, ఉన్నది పలచబడుతుంది.

ఇప్పుడు చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(28) తప్పుదారి పట్టించే ప్రకటనకు ఇచ్చిన నిర్వచనంలో పచ్చి అబద్ధం ఒక్కటే లేదు. వస్తువు నాణ్యత గురించి కొనేవాణ్ని పొరబాటు పడేసే అవకాశం ఉన్నా, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా అదీ తప్పుదారి పట్టించడమే. 152 దాటితే పనికిరాదన్న సంగతి దాచి 525ను బొద్దుగా అచ్చేయడం ఈ మాటల కిందికి వస్తుందని నా అభిప్రాయం. అలాంటి ప్రకటన సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కూడా.

'వస్తువులో లోపం' అన్న వాదన వెనక్కి పెట్టమంటాను. ఫిర్యాదులో లోపం అని రాసి, పరీక్ష లేకుండా అది తేలదని వినియోగదారుల కమిషన్ అనుకుంటే సెక్షన్ 38 కింద వస్తువును ల్యాబుకు పంపుతుంది, ఆ ఫీజు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. రూ.5,200 వస్తువుకు అది తలకు మించిన భారం. పైగా 20 మి.మీ.తో చంద్రుడు చక్కగా కనిపించాడంటే అద్దం బాగానే ఉందన్నమాట. తప్పుదారి వాదనకు ల్యాబు అక్కర్లేదు. డబ్బా, ఆ లోపలి కాగితం, పైన వేసిన రెండు లెక్కలు చాలు.

పది రోజుల గడువు సంగతి. అది వాళ్లు రాసుకున్న షరతు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఏమంటున్నాయంటే, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోననడానికి గానీ, డబ్బు తిరిగి ఇవ్వననడానికి గానీ వీల్లేదు. ఆ నియమంలో 10 రోజులన్న మాట ఎక్కడా లేదు. కమిషన్‌కు వెళ్లడానికి సెక్షన్ 69 మీకు రెండేళ్లు ఇస్తోంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: ఆలస్యం ఎందుకైందో మీరు చెప్పుకోవాల్సి వస్తుంది. నెల్లూరు జిల్లాలో నవంబరంటే ఏమిటో మన కమిషన్‌లో కూర్చున్నవాళ్లకు వేరే వివరించాలా? ఆ మూడు వారాల మబ్బుల్లో చుక్క కనిపిస్తే గొప్పే. ఆ మాటే ఫిర్యాదులో ఒక్క వాక్యంలో రాయండి.

అమ్మినవాడు ఏ ఢిల్లీలోనో ఉన్నా మీరు అంతదూరం పోనక్కర్లేదు. ఫిర్యాది నివసించే చోటే కేసు వేసుకోవచ్చని 2019 చట్టం సెక్షన్ 34లో చేర్చింది. కాబట్టి మీకు నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషనే. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు (మా లాయర్లకు ఈ మాట రుచించదు, అయినా నిజం). 2025 జనవరి 1 నుంచి ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, కావాలంటే వీడియోలో విచారణ అడగవచ్చు. నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, మనసు సిద్ధం చేసుకోండి.

అందుకే ముందు చిన్న మెట్లు ఎక్కండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అసలు అమ్మకందారు పేరు, చిరునామా రాతపూర్వకంగా అడిగితే సైటు వాళ్లు ఇవ్వాల్సిందే. అమ్మకందారునీ, సైటునీ ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. ఇలాంటి వాటిలో చాలామటుకు నోటీసు దశలోనే డబ్బు వెనక్కి వస్తుంది. సైటులోని ప్రకటనను ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, రేపు ఉండదు. వాటికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదేనని చెప్పేది) జతచేస్తే ఎదుటివారికి నోరు లేవదు. మనోవేదనకు ఐదు లక్షలు అని మాత్రం రాయకండి. ఐదు వేల వస్తువుకు ఐదు లక్షలు అడిగినవాణ్ని చూస్తే కమిషన్‌కు అసలు ఫిర్యాదు మీదే నమ్మకం సడలుతుంది. ధర, దాని మీద వడ్డీ, ఖర్చులు, కొద్దిపాటి పరిహారం అడగండి చాలు.

నెల్లూరు షాపు కేసు వేరు, దీంతో కలపవద్దు. చిన్న టెలిస్కోపుల ఐపీస్ గొట్టాలు ఎక్కువగా రెండు కొలతల్లో వస్తాయి: 24.5 మి.మీ., 31.7 మి.మీ. చవక టెలిస్కోపుల్లో కొన్నిటికి ఇప్పటికీ సన్న గొట్టమే ఉంటుంది. మీదీ అదే అయి ఉంటుంది, స్కేలు పెట్టి కొలవండి. దేనికి కావాలో చెప్పి, షాపువాడి తెలివి మీద ఆధారపడి కొన్నప్పుడు ఆ వస్తువు ఆ పనికి సరిపోవాలన్నది సరుకుల విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16లో చెప్పకనే ఉన్న షరతు. 'వాపసు తీసుకోబడదు' అన్న ముద్ర ఈ షరతును చెరపలేదు. సరైన బిల్లు ఇవ్వకపోవడం దానికదే అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐలో కట్టి ఉంటే ఆ రికార్డు తీసి పెట్టుకోండి. అయినా రూ.1,900కి కేసు వద్దు. చీటీ, ఐపీస్ పట్టుకుని ఒక పూట నెల్లూరు వెళ్లి, పై సెక్షన్ మాట చెప్పి, మార్చి ఇమ్మనండి. నలుగురు గిరాకీ ఉన్న సాయంత్రం పూట వెళ్తే పని తొందరగా అవుతుంది.

ఏది మార్చుకోవాలి? మీ చివరి ప్రశ్న కూడా ఇక్కడే తేలుతుంది. 4 మి.మీ. వద్దు, ఎంత ఖరీదైనదైనా వద్దు. ఒంటరిగానే 175 రెట్లు, అప్పుడే మీ అద్దం హద్దు దాటింది. 6 మి.మీ. ఐపీస్ తీసుకుంటే 117 రెట్లు, మీ టెలిస్కోప్‌కు హై పవర్ అంటే అదే. ఒక్కటే కొనగలిగితే 9 లేదా 10 మి.మీ. కొనండి, 78, 70 రెట్లు వస్తాయి, ఎక్కువ రాత్రులు పనికొచ్చేది అదే. ప్లోజెల్ రకం చవక, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. కానీ 6 మి.మీ. ప్లోజెల్‌కు కన్ను దాదాపు ఆనించాలి. అబ్బాయికి కళ్లద్దాలుంటే 66 డిగ్రీల వెడల్పు రకం అడగండి. మీది సన్న గొట్టమే అయితే 31.7 ఐపీస్ పట్టే అడాప్టర్ కూడా అడగండి. డాబా మీద నుంచి చూడకండి, పగలు కాగిన స్లాబు రాత్రంతా సెగ కక్కుతుంది, 70 రెట్లు కూడా ఈదుతాయి. నేల మీద, అరగంట ముందే టెలిస్కోప్‌ను బయట పెట్టి, గురుడి మీద పరీక్షించండి. 2026 జనవరి 10న అది సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చింది, 2026 వేసవి దాకా మిథునంలో బాగా కనిపిస్తుంది. రెండు పట్టీలు, నాలుగు ఉపగ్రహాలు తేలిగ్గా దొరుకుతాయి.

ఆ ఖర్చు రాబట్టడం: టెలిస్కోప్ వాపసు ఇచ్చి పూర్తి ధర తీసుకుంటే, దాని కోసం కొన్న ఐపీస్ డబ్బు మళ్లీ అడగలేరు. టెలిస్కోప్ ఉంచుకుంటే, చెప్పిన పవర్ రాక కొనాల్సి వచ్చిన ఐపీస్ ఖర్చును సెక్షన్ 39 కింద పరిహారంగా అడగవచ్చు. రెండిట్లో ఒకటి ఎంచుకోండి. అద్దం బాగుందని మీరే చెబుతున్నారు కాబట్టి నేనైతే ఉంచుకుని ఐపీస్ డబ్బు అడుగుతాను.

మీరు అడగనిది ఒకటి. ఇలాంటి సెట్లలో 'సన్' అని రాసిన చిన్న నల్ల ఫిల్టర్ ఐపీస్‌కు తగిలించేది ఒకటి వస్తుంటుంది. మీ డబ్బాలో ఉందేమో ఈ రాత్రే చూడండి. అద్దం పోగుచేసిన ఎండంతా దాని మీదే పడుతుంది, వేడికి పగిలిందంటే అబ్బాయి కన్ను పోతుంది. సూర్యుణ్ని చూడాలంటే గొట్టం మూతి మొత్తాన్ని కప్పే ఫిల్టరే వాడాలి. దెబ్బ తగిలాక 2019 చట్టం ఆరో అధ్యాయం కింద తయారీదారు నుంచి నష్టపరిహారం రాబట్టవచ్చు గానీ, మనకు ఆ కేసు రాకూడదు. దాన్ని పారేయకండి, అదీ సాక్ష్యమే. కవరులో పెట్టి, తేదీ రాసి, అబ్బాయి చేతికందని బీరువాలో తాళం వేయండి.