స్వరం ముగిసేచోట గీరుడు

ప్రశ్న: తిరుపతిలో వయొలిన్ నేర్చుకుంటూ, తీరిక వేళల్లో చక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని కమాను వాద్య నమూనాతో రాగాలు పలికించే ప్రయత్నం చేస్తున్నాను. స్వరం నడుమ బాగానే ఉంటుంది కానీ, వాల్యూమ్ మెల్లగా తగ్గించి ముగించే ప్రతిసారీ చివర తీగను గీకినట్టు కర్కశంగా వినిపిస్తోంది. కమాను ఒత్తిడిని నేను మార్చనే లేదు. పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఒత్తిడిని మార్చకపోవడమే పొరపాటు. ఆ నమూనా రికార్డు చేసిన శబ్దాన్ని వినిపించదు. కమానుకూ తీగకూ మధ్య రాపిడిని ఎప్పటికప్పుడు లెక్కగట్టి ధ్వనిని పుట్టిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే గమనించినట్టు, కమాను తీగను కొంతసేపు తనతో లాక్కుపోయి, ఒక్కసారిగా జారవిడుస్తుంది. 220 హెర్ట్‌జ్ స్వరంలో ఇది సెకనుకు 220 సార్లు జరగాలి. బ్రిడ్జి (తీగలను మోసే చెక్క గుర్రం) నుంచి తీగ పొడవులో ఎనిమిదో వంతు దూరాన కమాను ఉంటే, ప్రతి ఆవృత్తిలోనూ (ఒక పట్టు, ఒక జారుడు కలిసినది) జారుడుకు దక్కేది ఎనిమిదో వంతు కాలమే, మిగిలినదంతా పట్టు.

ఈ క్రమం నిలవాలంటే ఒత్తిడి రెండు హద్దుల నడుమ ఉండాలని కమాను వాద్యాల ధ్వనిని పరిశోధించిన జాన్ షెల్లెంగ్ 1973లో వివరించారు. కింది హద్దుకన్నా తగ్గితే తీగ ఒకే ఆవృత్తిలో రెండుసార్లు జారి స్వరం పలచబడుతుంది; పై హద్దును మించితే జారవలసిన వేళకు జారక గీరుడు పుడుతుంది. ఆ హద్దులు కమాను వేగాన్ని అనుసరిస్తాయి, వేగం సగమైతే అవీ సగమవుతాయి. మీరు వాల్యూమ్ అనుకుంటున్నది ఈ నమూనాలో నిజానికి కమాను వేగం. దాన్ని తగ్గిస్తూ పోతే పై హద్దు దిగివచ్చి, మీరు కదపని ఒత్తిడికన్నా కిందికి చేరుతుంది. వాద్యం చేతిలో ఉన్నప్పుడు మీ కుడి చూపుడువేలు కమాను మీద పట్టు సడలించి ఈ పని మీకు తెలియకుండానే చేస్తుంది. ప్రోగ్రాముకు మాత్రం చెప్పాలి.

కాబట్టి ముగింపును ఒక లూపులో పెట్టి, 10 మిల్లీసెకన్లకొకసారి వేగంతోపాటు ఒత్తిడిని కూడా కొంచెం కొంచెంగా దించండి. ఎంత నిష్పత్తిలో అన్నది చెవితోనే తేల్చుకోవాలి, నమూనాలో 0 నుంచి 1 వరకు ఇచ్చే అంకె న్యూటన్లలో కొలిచే బలం కాదు గదా. గమకాలను కూడా నమూనాలో సిద్ధంగా ఉన్న వైబ్రాటోకు (స్వరాన్ని ఊపే అమరికకు) అప్పగించకండి. అది ఒకే తీరున ఊగుతుంది, అందువల్ల దాన్ని సున్నా చేసి, పౌనఃపున్యాన్నే ఇదే లూపులో నడపడం మేలు. కమాను స్థానం జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు: బ్రిడ్జికి దూరం సగం చేస్తే పై హద్దు రెండింతలైతే కింది హద్దు నాలుగింతలై, మీకున్న వెసులుబాటు ఇంకా ఇరుకవుతుంది.