మది ‘మాది’ కాకూడదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పాడి పంపిన మూడు పాటలూ విన్నాను. అమ్మ ఆరేసిన చీర గురించి రాసిన చరణం బాగుంది. అయితే నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది మొదటి పాట పల్లవి. కాగితం మీద ‘మది నిండా వెన్నెలే’ అని రాశావు. బాణీలో మొదటి స్వరం నాలుగు మాత్రలు సాగడం వల్ల నా చెవికి ‘మాది నిండా’ అని వినిపించింది.

తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే అర్థమే మారిపోతుంది. నది ‘నాది’ అవుతుంది, వడి ‘వాడి’ అవుతుంది. బాణీ ముందు పుట్టి మాట తరువాత రావలసిన మన సినిమా పాటల రచనలో, స్వరం నిలిచే చోట దీర్ఘాక్షరాన్ని గాని, సాగినా అర్థం చెడని పదాంతాన్ని గాని ఉంచాలి. ఎంత గొప్ప భావమైనా ఈ ఒక్క విషయంలో తప్పితే వినేవాడికి చేరదని నలభై ఏళ్లుగా నమ్ముతున్నాను.

1988లో మద్రాసు వడపళనిలో ఇద్దరు మిత్రులతో ఒకే గదిలో ఉండేవాణ్ణి. టేపు రికార్డరు కొనే స్తోమత లేక, హార్మోనియం మీద వినిపించిన బాణీని గురులఘువుల గుర్తులతో రాసుకొని, గది చేరేదాకా మరచిపోకుండా తత్తకారంతో, అంటే మాటలకు బదులు ‘తన తాన’ వంటి శబ్దాలతో, పాడుకుంటూ నడిచేవాణ్ణి. నా తొలి పాట ‘పడవ’ అనే మాటతో మొదలైంది. రికార్డింగులో మొదటి అక్షరాన్ని సాగదీశారు. నోరు విప్పితే అవకాశం పోతుందని భయపడి ఊరుకున్నాను. నిడివి ఎక్కువైందని రెండో చరణం తీసేశారు, టైటిళ్లలో నా పేరు వేయలేదు. అవన్నీ ఓర్చుకున్నాను. కానీ తెలుగు పండితులైన మా నాన్నగారు సినిమా చూసి వచ్చి, “అది పడవా, పాడవా?” అని అడిగినప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

బాణీ చెప్పడానికి వాడిన అర్థంలేని శబ్దాలనే పల్లవిగా ఉంచేసి, జనం కోరేది అదేనని చెప్పే నేటి ధోరణిని నేను ఏనాటికీ ఒప్పుకోను. తెలుగు రాని గాయకులు పాటను తమ లిపిలో రాసుకుంటారు. అక్కడ ‘కళ’, ‘కల’ ఒకటైపోయే ప్రమాదం ఉంది. అందుకే రికార్డింగుకు ఎవరూ పిలవకపోయినా వెళ్లి కూర్చో.

ఉద్యోగం మానేయాలా అని అడిగావు. పత్రికల్లో పనిచేసిన వేటూరి 1974లో ‘ఓ సీత కథ’తో సినిమా పాటకు వచ్చేనాటికి ఆయనకు 38 ఏళ్లు. సీతారామశాస్త్రి టెలిఫోన్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాశారు; 1986 నాటి ‘సిరివెన్నెల’ సినిమా పేరే తరువాత ఆయన ఇంటిపేరైంది. కనుక తొందరపడి రాజీనామా చేయవద్దు. ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణను గుర్తుంచుకో: సినిమా హాలులో ప్రదర్శనను మినహాయిస్తే, పాట ఇతర వినియోగాల మీద వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంది, దాన్ని నిర్మాతకు రాసి ఇచ్చినా చెల్లదు.

ఆ పల్లవి మొదటి మాట మార్చి మళ్లీ పాడి పంపు. ఈసారి సాహిత్యం రాసిన కాగితం జతచేయవద్దు. నాకు వినిపించినది నేను రాసి పంపుతాను. నీ కాగితంతో సరిపోల్చి చూసుకో.