‘వాన్ గో బొమ్మ’ అంటే ఎవరు వేసింది?

సందేహం: చిత్రకారుడు వాన్ గో పొద్దుతిరుగుడు పూలు వేస్తుండగా ఆయన మిత్రుడు పాల్ గోగాన్ 1888లో వేసిన చిత్రం గురించి రాస్తూ ‘వాన్ గో చిత్రం’ అన్నాను. వాన్ గో వేసిందనుకుంటారని ఒకరు దాన్ని ‘వాన్ గో యొక్క ముఖచిత్రం’ అని దిద్దారు. ఏది సరి?

సమాధానం: దిద్దినవారి అనుమానం సరైనదే, దిద్దుబాటే కుదరలేదు. ‘వాన్ గో బొమ్మ’ అన్నప్పుడు అది ఆయన వేసిందీ కావచ్చు, ఆయన రూపం ఉన్నదీ కావచ్చు, ఆయన దగ్గరున్నదీ కావచ్చు. ‘యొక్క’ పెట్టినంత మాత్రాన ఈ చిక్కు విడదు. ఇక ముఖచిత్రం అంటే పత్రిక అట్ట మీది బొమ్మగా స్థిరపడిపోయింది, దాన్ని ఇక్కడికి లాగొద్దు.

అసలు ఆ చిత్రాన్నే ఒకసారి చూడండి. కుంచె పట్టిన చెయ్యి బాగా ముందుకు చాచి ఉంటుంది, కనురెప్పలు కిందికి వాలి ఉంటాయి, వాన్ గో వేస్తున్న కాన్వాసు మాత్రం ఒక అంచున కొద్దిగానే కనిపిస్తుంది. దీన్ని మాటల్లో పెడితే ‘గోగాన్ బొమ్మలో వాన్ గో బొమ్మ వేస్తున్నాడు’ అవుతుంది. వాన్ గో ఒక బొమ్మ వేస్తున్నాడనా, ఎవరో వాన్ గో బొమ్మ వేస్తున్నారనా? ‘రాముడు బొమ్మ’, ‘రాముడి బొమ్మ’ అన్నట్టు మన పేర్లయితే విభక్తి మారి కొంత దారి చూపిస్తాయి, ఈ పేరు మారకుండా అలాగే ఉండిపోతుంది.

‘గోగాన్ వేసిన వాన్ గో బొమ్మ’ అనండి, సరిపోతుంది. ‘వేసిన’ అనే మాట వేసినవాడి చోటును గోగాన్‌కి ఇచ్చేసింది కాబట్టి వాన్ గోకి మిగిలేది బొమ్మలోని చోటే. ‘గీసిన’ కంటే ‘వేసిన’ నయం, గీత గీస్తాం, రంగులు వేస్తాం, ఇది తైలవర్ణ చిత్రం. బొమ్మ అనే మాట తేలిగ్గా ఉందనిపిస్తే చిత్తరువు అనండి. ‘చిత్తరువులా నిలబడిపోయింది’ అనే వాడుకలో తప్ప ఎక్కడా కనిపించకుండా పోతున్న ఆ మాటంటే నాకు చాలా ఇష్టం.

ఇంకొకటి, మీరు అడగనిది. ‘పూలు వేస్తుండగా’ అని రాశారు. గోగాన్ ఈ చిత్రం వేసింది ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో, డిసెంబరులో. అప్పుడు అక్కడ పొద్దుతిరుగుడు పూలు ఉండవు, ఎదురుగా ఉన్న ఆ పూలకుండీ గోగాన్ ఊహ. కాబట్టి ‘వేస్తుండగా’ తీసేసి ‘వేస్తున్నట్టుగా’ అని మార్చండి.