ప్లేట్లు అమ్మేవాడికి చూపించే ముందు…

మీ మామయ్యగారు పోయాక రెండు ట్రంకు పెట్టెల కర్ణాటక సంగీతం రికార్డులు మీకు వచ్చాయి, మీకేమో సంగీతం తెలియదు, ఉంచుకోవాలా అమ్మేయాలా అని అడిగారు. ఆరేళ్ల కిందట నాదీ ఇదే తంతు. మా పెదనాన్న ఒంగోలులో ఒంటరిగా ఉండేవారు. ఆయన పోయాక రెండు వందల చిల్లర ప్లేట్లు (ఆయన రికార్డు అనేవారు కాదు, ప్లేటు అనేవారు) ట్రాలీ ఆటోలో నెల్లూరు మూలపేటలో మా ఇంటికి చేరాయి. "మనుషులు పడుకోడానికే చోటు లేదు, ఇవెక్కడ పెడతారు?" అంది మా ఆవిడ. సరే అని అటకెక్కించాను.

అదే నేను చేసిన మొదటి తప్పు. అప్పుడు మే నెల, అటక పైన స్లాబే. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండు నెలల తర్వాత దించితే, అడ్డంగా పేర్చిన ఎల్పీల్లో (ప్లాస్టిక్ ప్లేట్లు) పదకొండు నూనెలో వేసిన అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. కాబట్టి అమ్మడం సంగతి తర్వాత, ముందు ఈరోజే వాటిని కింద గదిలో, ఎండ తగలని గోడవైపు, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి.

తర్వాత రెండు రకాలుగా విడదీయండి. బరువుగా, పెళుసుగా ఉండేవి లక్క ప్లేట్లు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి, ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే పాట. కింద పడితే పలక పగిలినట్టే. కొంచెం వంగేవి ప్లాస్టిక్ ఎల్పీలు, 33 చుట్లవి, ఒక్కో వైపు ఇరవై నిమిషాల దాకా వస్తుంది. రెండింటికీ ముల్లు (గాడిలో ఆని పాట పలికించే సూది) వేరు. లక్క ప్లేటు గాడి వెడల్పు ఎక్కువ, దాని ముల్లు ఎల్పీ మీద పెడితే ఎల్పీ పాడైపోతుంది. చేత్తో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఉంటే దాని మీద ఎల్పీ అస్సలు పెట్టొద్దు.

రెండో తప్పు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు ప్లేటు ఒకటి బూజు పట్టి ఉంటే, దూదిని స్పిరిట్‌లో ముంచి గట్టిగా తుడిచాను. దూది నల్లగా అయింది. మురికి పోతోందని సంబరపడి ఇంకా తుడిచాను. ప్లేటు పెడితే ఫిడేలు బదులు ఇసక వేయించిన చప్పుడు! మా వీధి వడ్రంగికి చెబితే నవ్వాడు, "లక్కని స్పిరిట్‌లో కరిగించే కదన్నా మేం పాలిష్ చేసేది" అని. స్పిరిట్ వద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి. మధ్యలో లేబుల్ తడవకూడదు. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి.

ఇక ధర. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం ఎల్పీ (1963లో వచ్చింది) చూసి నిధి దొరికిందనుకున్నాను. ఎన్ని ఇళ్లలో ఉందో లెక్కే లేదు, దానికేం వస్తుంది? కొనడానికి వచ్చినాయన మొత్తానికి ఒక రేటు చెప్పాడు. "అన్నీ గీతలే సార్" అంటూనే నాలుగు ప్లేట్లు తీసి తన మోకాలి పక్కన పెట్టుకున్నాడు. మీరూ గమనించండి, వాళ్లు ఏం తిడుతున్నారని కాదు, ఏం పక్కన పెట్టుకుంటున్నారని. ఆ నాలుగింట్లో ఒకటి షేక్ చినమౌలానా నాదస్వరం. ఆయనది ఒంగోలు దగ్గర కరవది. పెదనాన్న దాన్ని "మనూరి ప్లేటు" అనేవారు. తంజావూరు వైపు కృతులు రాసిన త్యాగరాజుగారి ఇంటిపేరు కాకర్ల, శ్యామశాస్త్రిగారి పూర్వీకులది కంభం, రెండూ ఒంగోలు వైపు ఊళ్లే కాబట్టి అరవ దేశానికి సంగీతం మన జిల్లా నుంచే ఎగుమతి అయిందని ఆయన వాదన! ఆ బేరం అక్కడే ఆపేశాను.

ఆ రాత్రి ఆ ప్లేటు వాయించాను. రాగం పేరు ఇప్పటికీ నాకు తెలియదు. కవరు మీద పెదనాన్న పెన్సిల్ రాత: "రెండో వైపు దూకుతుంది, చిటికెన వేలు ఆనించాలి." సరిగ్గా దూకింది. వేలు ఆనించాను, సర్దుకుంది. అందుకే అంటున్నా, లోపలి కాగితం తొడుగులు బూజుపడితే మార్చండి కానీ పై కవర్లు పారేయొద్దు.

చివరికి నలభై ఉంచుకున్నాను. మిగతావి మా పేటలో సంగీతం చెప్పే ఒక టీచరమ్మకి ఇచ్చేశాను, ఉట్టినే. మీ పెట్టెలతో పాటు వాయించే మిషను కూడా వచ్చిందా? కరెంటుదా, చేత్తో తిప్పేదా? అది చెబితే ముల్లు సంగతి చూద్దాం.