క్లోరిన్ లీకైన రాత్రి కేస్ షీట్‌లో ‘ఆయాసం’ అనే రాయించాం... పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక. మా ఆయన ఊరవతల ఒక మున్సిపల్ ఫిల్టర్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద హెల్పరు. 2024 ఆగస్టులో నైట్ షిఫ్టులో టన్నర్ (క్లోరిన్ నింపిన పెద్ద ఇనుప సిలిండరు) మారుస్తుంటే క్లోరిన్ లీకైంది. మాస్కు లేదు, సైరన్ మోగలేదు. సూపర్‌వైజరు చెప్పాడని ఆసుపత్రిలో ‘ఆయాసం’ అని మాత్రమే చెప్పాం. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు, జీతం 16 వేలు, ఈఎస్ఐ కోత లేదు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే దగ్గు, పని పోయింది. నా పుస్తెలు కూడా తాకట్టులో ఉన్నాయి. స్టాంపు కాగితంపై సంతకం పెడితే 60 వేలిస్తానని కాంట్రాక్టరు కబురు పంపాడు. తీసుకోమంటారా? – ఒక సోదరి

జవాబు: వద్దు. ఆ కాగితం ముట్టుకోకండి.

మీ ఉత్తరంలో సగం మాస్కు లేదని, సైరన్ మోగలేదని ఉంది. అది ఘోరమైన నిర్లక్ష్యమే. కానీ మీ కేసు తేలేది దాని మీద కాదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు. ఆ రాత్రి మీవారు డ్యూటీలో ఉన్నారా, పీల్చింది క్లోరినేనా, ఊపిరితిత్తులు చెడింది దానివల్లేనా, ఇవి తేలితే చాలు. 2025 నవంబరు 21 నుంచి కొత్త సామాజిక భద్రతా స్మృతి వచ్చినా, మీ ప్రమాదం అంతకుముందుది కనుక పాత చట్టమే వర్తిస్తుంది.

అసలు చిక్కు మీరే తెచ్చుకున్నారు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని డాక్టరుకు గ్యాస్ సంగతి దాస్తారా? రేపు అవతలి వకీలు మొదట తీసేది ఆ కేస్ షీటే. ‘పాత ఉబ్బసం’ అంటాడు. ఆ మాటను తిప్పికొట్టే కాగితాలు ఇప్పుడు వెతకాలి.

అవి ప్లాంటులోనే ఉంటాయి. క్లోరిన్ గదిలో షిఫ్టు లాగ్‌బుక్కు ఉంటుంది, ఏ టన్నర్ ఎప్పుడు ఎక్కించారో అందులో రాస్తారు. లీకైన టన్నర్‌ను సున్నం గుంటలోకి దొర్లించి ఉంటే స్టోరు నుంచి సున్నం తీసిన పద్దు ఉంటుంది. వాల్వు చెడి వెనక్కి పంపితే సప్లయరు చలానా ఉంటుంది. ఫైరింజను వచ్చి ఉంటే వాళ్ల రిపోర్టు ఉంటుంది. వీటికి, ఆ నెల మస్టరుకు (హాజరు పట్టీ), మాక్ డ్రిల్ రిజిస్టరుకు, ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లానుకు (ప్రమాదం జరిగితే ప్లాంటులో ఏం చేయాలో రాసిన ప్రణాళిక) పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు ఈ వారమే పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ రాత్రి స్టాకు ఎంతుందో కూడా అడగండి. ఒక్కో టన్నర్‌లో సుమారు 900 కిలోలు పడుతుంది. పది టన్నులు దాటితే 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల కింద ఆన్‌సైట్ ప్లాను తప్పనిసరి. మీ పరిహారానికి ఇది అవసరం లేదు గానీ, అక్కడ ఇంకా పనిచేస్తున్న వాళ్ల కోసమైనా అడగండి. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. నేలబారునే పాకుతుంది. వంగి వాల్వు బిగించేవాడికే ముందు తగులుతుంది.

ఆ షిఫ్టులో ఇంకెవరికైనా దగ్గొచ్చి ఉంటే వాళ్ల సాక్ష్యం బంగారం. ఫోన్లో ఫొటోలుంటే ఆ ఫోను అమ్మకండి. ఆ ఫొటోలకు కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది.

మీవారిని విశాఖ ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లి ఊపిరి పరీక్ష చేయించండి. ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పండి. సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో డాక్టరు రాసివ్వాలి. అది 30 శాతమే అనుకుందాం. చట్టం లెక్కలోకి తీసుకునే జీతం 15 వేలు, అందులో 60 శాతం 9 వేలు. 40 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 184.17. ఆ రెండింటినీ గుణించి అందులో 30 శాతం తీస్తే 4,97,259 రూపాయలు. దానిపై 12 శాతం వడ్డీ. కాంట్రాక్టరు 60 వేలు దీని పక్కన పెట్టి చూడండి.

హక్కు వదులుకునే ఒప్పందం పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ‘చెల్లదుగా, పెట్టేస్తే పోలా’ అనుకోకండి. అందులో ‘ఆయాసం పాతది, గ్యాస్ తగల్లేదు’ అని ఒక్క వాక్యం ఉంటే అది మీ నోటి మాటగా మీకే అడ్డం తిరుగుతుంది. పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్లనూ దగ్గరికి రానివ్వకండి. దొరికితే నిజమైన కాగితాలు కూడా అబద్ధమైపోతాయి.

కోత లేనంత మాత్రాన ఈఎస్ఐ లేనట్టు కాదు. ముందు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో వాకబు చేయండి. వర్తిస్తుందని తేలితే అంగవైకల్య ప్రయోజనం అక్కడే అడగాలి, ఈ దావా కుదరదు.

లేదంటే కార్మిక శాఖలో పరిహార కమిషనరు ముందు దరఖాస్తు వేయాలి. మీరు గాజువాకలో ఉంటున్నారు కనుక విశాఖలోనే వేయవచ్చు. కాంట్రాక్టరుతో పాటు, అతనికి పని అప్పజెప్పిన మున్సిపాలిటీనీ 12వ సెక్షన్ కింద చేర్చండి, నీళ్లివ్వడం దాని పనే. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, అంటే 2026 ఆగస్టుతో సరి. ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆర్టీఐ జవాబు రాకపోయినా దరఖాస్తు ఆపవద్దు, కాగితాలు తర్వాత దాఖలు చేయవచ్చు. వకీలుకు ఫీజు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వాళ్లు ఉచితంగా వకీలును ఇస్తారు.